ప్లస్ వచ్చింది, మైనస్ రాలేదు

ఈ ఏడాది వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. "మీ అనుభవాలు రాయండన్నా, చదువు గురించి రాయండన్నా" అన్నారు. చదువు గురించి రాసేవాళ్లు ఈ సంచికలో చాలామంది ఉంటారు. పట్టుదల, క్రమశిక్షణ, కన్నవాళ్ల కష్టం, వీటి మీద ప్రతి ఏడాదీ నాలుగైదు వ్యాసాలు వస్తాయి. అవి రావలసినవే. మేము నలుగురం మాత్రం ఒక చెక్కపెట్టె గురించి రాయాలనుకున్నాం. టమోటా పెట్టె చెక్కలతో కొట్టిన పెట్టె అది. లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, రెండు లావు కెపాసిటర్లు, రెండు రెగ్యులేటర్లు ఉంటాయి. బయటకు మూడు తీగలు వస్తాయి: ఎర్రది ప్లస్ పన్నెండు వోల్టులు, నల్లది సున్న, నీలం తీగ మైనస్ పన్నెండు.

దీన్ని గురించే ఎందుకంటే, పూర్వ విద్యార్థులం పోగు చేసిన డబ్బులతో ఈసారి ఏం చేయాలన్న చర్చ నడుస్తోంది. గేటుకు ఆర్చి కట్టిద్దామని కొందరు, స్టేజీకి రేకుల షెడ్డు వేద్దామని కొందరు, పెద్ద సౌండ్ సిస్టం కొందామని కొందరు అంటున్నారు. అందరూ మనవాళ్లే, అందరిదీ మంచి మనసే. మా అభిప్రాయం వేరు. స్టోరు రూము పక్కన ఖాళీగా ఉన్న గదిలో ఒక బల్ల, ఒక మీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టాలని మేము అంటున్నాం. ఎందుకో చెప్పాలంటే ఆ పెట్టె కథ చెప్పాలి.

అది 2003. మేము ఇంటర్ రెండో సంవత్సరం. వార్షికోత్సవానికి మైకు సెట్టు అద్దె ఎక్కువ అడుగుతున్నారని వార్డెన్ సార్ తల పట్టుకుంటే, "మేమే ఆంప్లిఫయర్ చేస్తాం సార్" అని నోరు జారాం. టీడీఏ 2030 అనే ఐసీతో చిన్న ఆంప్లిఫయర్, దాని ముందు మైకు కోసం 741 ఐసీ. సర్క్యూటు ఒక పాత "ఎలక్ట్రానిక్స్ ఫర్ యు" పత్రికలోంచి కాపీ చేసుకున్నాం. మేము ఎంచుకున్న సర్క్యూటులో రెండు ఐసీలకూ ప్లస్ ఒక్కటే చాలదు, మైనస్ కూడా కావాలి. స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి తలా కొంత వేసుకున్నాం. మాలో ఒకడి మేనమామ బెంగళూరులో మేస్త్రీ పని చేసేవాడు. ఆయన్ను చూడబోయినట్టు పోయి, ఎస్పీ రోడ్డులో సామాను కొనుక్కొచ్చాం. 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు ఒక ఆంపియరుది, 1ఎన్4007 డయోడ్లు నాలుగు, 1000 మైక్రోఫారడ్ల 25 వోల్టుల కెపాసిటర్లు రెండు, 7812 ఒకటి, 7912 ఒకటి.

రెక్టిఫయర్ అంటే మాకు భయం లేదు. తెలుగు అకాడమీ పుస్తకంలో బొమ్మతో సహా బట్టీ పట్టాం, పరీక్షలో వస్తే పూర్తి మార్కులు మావే. ప్లగ్గు పెట్టాం. మీటరు ఒక లెక్చరర్ గారి దగ్గర బతిమాలి తెచ్చింది. ప్లస్ వైపు పెడితే 11.9 చూపింది. నలుగురం గంతులేశాం. మైనస్ వైపు పెడితే వోల్టు కూడా లేదు. ఇంతలో ట్రాన్స్‌ఫార్మరు "గుయ్" అంటోంది, పెట్టెలోంచి కాలిన వాసన. ప్లగ్గు పీకి చూస్తే 7912 మీద వేలు పెట్టలేనంత వేడి.

వెంటనే మేము చేసిన పని, ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది, షాపువాణ్ని తిట్టడం. "మనల్ని చూసి డూప్లికేట్ మాల్ అంటగట్టినాడు" అన్నాం. ఆ "మనల్ని చూసి" అనే మాట హాస్టల్లో చదివినవాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. నిజంగా అలా జరిగే చోట్లు చాలా ఉన్నాయి కాబట్టే ఆ మాట మన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మదనపల్లెలోనే ఇంకో 7912 కొని పెట్టాం. అదీ అలాగే కాలింది.

రెండో ఐసీ కూడా కాలాక బెంగళూరు బస్టాండు పక్క సందులో టీవీలు రిపేరు చేసే ఒక అన్న దగ్గరికి పెట్టె మోసుకుపోయాం.

"ఇది ఎన్నోదిరా కాలేది?"

"రెండోదన్నా. మాల్ మంచిది కాదు."

"మాల్‌ది తప్పా, మీదా? ముందు ఇట్ల పెట్టండి."

ఆయన పెట్టెను నేరుగా కరెంటుకు పెట్టలేదు. గోడకు ఒక చెక్క, దాని మీద హోల్డరులో 40 వాట్ల బల్బు, పక్కన సాకెట్టు ఉన్నాయి. కరెంటు ఆ బల్బు గుండా పోయి మన పెట్టెలోకి పోతుంది. దాన్నే సిరీస్ బోర్డు అంటారు. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు వెలుగుతుంది, పెట్టె కాలదు. అంతా బాగుంటే కెపాసిటర్లు నిండేటప్పుడు ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. మా పెట్టె పెట్టగానే బల్బు వెలిగింది, ఆరలేదు. ఆయన నవ్వి, 7912ను వెలుతురుకు పట్టుకుని చూపించాడు.

"7812 చూసినారు, ఇదీ అట్లే ఉంటాదనుకున్నారు. అన్నాదమ్ములు ఒగే మాదిరి కనపడితే కాళ్లు గూడా ఒగే పక్కకు పోతాయా?"

అక్షరాలు మనవైపు ఉండేలా, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే, 7812కు ఎడమ నుంచి మొదటిది ఇన్‌పుట్, నడిమిది గ్రౌండ్, మూడోది అవుట్‌పుట్. 7912కు మొదటిది గ్రౌండ్, నడిమిది ఇన్‌పుట్, మూడోది అవుట్‌పుట్. మొదటి రెండు కాళ్లు తారుమారు. మేము రెండింటికీ ఒకే రకంగా వైర్లు ఇచ్చాం. అంటే మైనస్ పక్క ఐసీకి కరెంటును వెనక నుంచి తోశాం. అది షార్టు అయినట్టే కూర్చుంది. ఎస్పీ రోడ్డు షాపువాడిది ఏ పాపమూ లేదు.

మూడో 7912 తీసుకుని హాస్టలుకు వచ్చాం. హోల్డరు, బల్బు, చెక్క సంపాదించి మా సిరీస్ బోర్డు మేమే చేసుకున్నాం. కాళ్లు సరిచేసి, రెండు రెగ్యులేటర్లనూ ఒకే అల్యూమినియం రేకుకు స్క్రూలతో బిగించాం, వేడి పోవాలి కదా అని. ప్లగ్గు పెట్టాం. బల్బు వెలిగింది!

ఈసారి ఎవర్నీ తిట్టలేదు. అన్న దగ్గరికీ పోలేదు, రాత్రి తొమ్మిదయింది, షాపు మూసేసి ఉంటాడు. భోజనాల హాలులో కింద కూర్చుని ఒక్కొక్కటే ఊడదీశాం. రెండు రెగ్యులేటర్లూ తీసేసి పెడితే బల్బు మెరిసి ఆరింది. కెపాసిటర్ల మీద కొలిస్తే రెండు పక్కలా దాదాపు 17 వోల్టులు. అంటే ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, కెపాసిటర్లు అన్నీ బాగున్నాయి. 7812 ఒక్కటే బిగిస్తే బల్బు ఆరింది, ప్లస్ పన్నెండు వచ్చింది. దాన్ని తీసి 7912 ఒక్కటే బిగిస్తే బల్బు ఆరింది, మైనస్ పన్నెండు వచ్చింది. ఆ మైనస్ గుర్తు మీటరులో మొదటిసారి చూసిన క్షణం మాకింకా గుర్తుంది. రెండూ కలిపి బిగిస్తే మళ్లీ బల్బు. విడివిడిగా ఇద్దరూ బుద్ధిమంతులే, కలిస్తే కొట్లాట.

పదకొండయింది. వంటాయన వచ్చి "లైట్లు ఆర్పండి నాయనా" అని పోయాడు. మాలో ఒకడు మీటరును కంటిన్యుటీలో పెట్టి ఊరికే ఒక పిన్నును రేకుకు తగిలించి, రెండోది కాళ్లకు తగిలిస్తూ పోయాడు. 7812 వెనక ఉండే లోహపు రెక్క దాని నడిమి కాలితో కలిసి ఉంది. 7912 రెక్క కూడా దాని నడిమి కాలితోనే కలిసి ఉంది. కానీ మొదటిదాని నడిమి కాలు గ్రౌండ్. రెండోదాని నడిమి కాలు ఇన్‌పుట్, అంటే మైనస్ పదిహేడు. ఆ రెండు రెక్కల్నీ మేమే ఒకే రేకుకు బిగించి, మైనస్‌ను తీసుకుపోయి గ్రౌండుకు కట్టేశాం. వేడి పోవడానికి పెట్టిన రేకే షార్టు.

7912 స్క్రూ విప్పి రేకు మీద నుంచి పైకెత్తాం. బల్బు ఆరింది. మళ్లీ ఆనించాం, వెలిగింది. ఎత్తాం, ఆరింది. ఎన్నిసార్లు అలా చేశామో తెలియదు. ఏ సారూ చెప్పలేదు, ఏ గైడులోనూ లేదు. ఎవరూ చెప్పని ఒక విషయాన్ని మాకు మేము కనుక్కోవడం జీవితంలో అదే మొదటిసారి. మరుసటి రోజు రిపేరు అన్న దగ్గరికి పోయి చెబితే, ఆయన పలుచటి మైకా ముక్క, ప్లాస్టిక్ బుష్ ఒకటి డ్రాయరులోంచి తీసిచ్చి డబ్బులు వద్దన్నాడు. "మీరే కనుక్కోని వచ్చినారు కదా, ఇంకేం తీసుకునేది" అన్నాడు. మైకా మీద కూర్చోబెట్టి, స్క్రూకు బుష్ తొడిగి బిగించాం. అప్పట్నుంచి ఆ పెట్టె మైనస్ పన్నెండు ఇస్తూనే ఉంది.

అంతటితో అయిపోలేదు. వార్షికోత్సవం రోజు సాయంత్రం ఏడు గంటలకు వక్త గారు మాట్లాడటం మొదలుపెట్టగానే స్పీకరు "బుర్ర్" మంది. మధ్యాహ్నం రిహార్సల్‌లో ఏమీ లేదు. సాకెట్టులో మీటరు పెడితే 175 వోల్టులు. చుట్టుపక్కల తోటల్లో బోరు మోటార్లన్నీ ఒకేసారి ఎక్కితే మన ప్రాంతంలో కరెంటు ఇలా కుంగడం మీకూ తెలిసిందే. 230 ఉండాల్సింది 175 అయితే, ట్రాన్స్‌ఫార్మరు 12 బదులు 9 చిల్లర ఇస్తుంది. దాన్ని 1.414తో హెచ్చవేసి డయోడు తినే 0.7 తీసేస్తే 12 మీద కొద్దిగా మిగులుతుంది. రెగ్యులేటరు 12 ఇవ్వాలంటే దానికి కనీసం 14 కావాలి. పైగా ఆంప్లిఫయరు అర ఆంపియరు లాగితే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు మీద సెకనుకు వందసార్లు ఐదు వోల్టుల దాకా ఎత్తుపల్లాలు. ఆ ఎత్తుపల్లాలే స్పీకరులో "బుర్ర్". వక్త గారు దాన్ని పట్టించుకోకుండా ముప్పావుగంట మాట్లాడారు, అది ఆయన గొప్పతనం. మరుసటి ఏడాది 15-0-15 ట్రాన్స్‌ఫార్మరు, 2200 మైక్రోఫారడ్ల 35 వోల్టుల కెపాసిటర్లు వేశాం. వోల్టేజి బాగున్న రోజున రెగ్యులేటర్లు ఎక్కువ వేడెక్కుతాయి కాబట్టి రేకు పెద్దది చేశాం. (అసలు ఆ ఆంప్లిఫయరు ఐసీకి రెగ్యులేటర్లే అక్కర్లేదు, 741కు ఉంటే చాలు. ఆ సంగతి తెలిసేసరికి మాలో ఇద్దరికి పెళ్లిళ్లు అయిపోయాయి.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. మేము నలుగురం ఆ తరువాత వేరువేరు కాలేజీల్లో చదివాం. ఏ కాలేజీ అని ఇక్కడ రాయం. ల్యాబులో నలుగురికి ఒక బల్ల. మీటరు తిప్పేది ఒకడు, వైరు కలిపేది ఒకడు, మిగిలిన ఇద్దరు రీడింగులు రాసుకునేవాళ్లు. ఆ రాసుకునే ఇద్దరిలో హాస్టల్ పిల్లవాడు తప్పకుండా ఉండేవాడు. ఎవరూ వద్దని చెయ్యి పట్టుకుని ఆపరు. "పాడైతే ఎవరు కడతారు?" అనే ఒక్క ప్రశ్న గాలిలో ఉంటుంది. ఇంట్లో మీటరు ఉన్నవాడు ముందుకు పోతాడు, లేనివాడు వెనక్కు జరుగుతాడు. మూడేళ్లు అలా జరిగాక డిగ్రీ చేతికొస్తుంది. ఇంటర్వ్యూలో పాడైన బోర్డు ముందు పెట్టి "చూడు" అంటే చేతులు వణుకుతాయి. మార్కులు తక్కువై ఆగిపోయినవాళ్లకంటే ఇలా చేతులు వణికి ఆగిపోయినవాళ్లు మనలో ఎక్కువమంది ఉన్నారని మా నమ్మకం. మాకు ఆ వణుకు లేకపోవడానికి భోజనాల హాలులో గడిపిన ఆ రాత్రే కారణం. మేము పాడు చేసింది మా సామానే కాబట్టి ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

దీనికి ఒక ఎదురుప్రశ్న ఉంది. గట్టి ప్రశ్నే. మా సహాధ్యాయి ఒకాయన, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, మా ప్రతిపాదన విని ఇలా అన్నాడు: "మా నాయన చెప్పులు కుట్టినాడు, మా తాత బావులు తవ్వినాడు. చేతిపని చాలురా అనే కదా మమ్మల్ని హాస్టల్లో వేసింది? మళ్లా మన పిల్లోళ్ల చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి మెకానిక్కుల్ని చేస్తారా? ఆఫీసర్లు కావద్దా?"

ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. మన పిల్లలు అనగానే "ఏదన్నా చేతిపని నేర్పండి, బతుకుతారు" అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ఊరికొకరు ఉన్నారు. తమ పిల్లలకు మాత్రం ఆ సలహా ఇవ్వరు. మేము అడిగేది అది కాదు. చెప్పిన పని చెప్పినట్టు చేయడం వేరు, ఎందుకు పని చేయడంలేదో కనుక్కోవడం వేరు. రెండోదానికి చేయీ కావాలి, లెక్కా కావాలి. 175 వోల్టులకు ఎందుకు మోగిందో లెక్క వేయలేనివాడు ఇంకో వంద కెపాసిటర్లు మార్చినా అది మోగుతూనే ఉంటుంది. లెక్క వచ్చి చెయ్యి రానివాడు రేకు మీద షార్టును ఏడాదంతా కాగితం మీద వెతుకుతాడు, దొరకదు. కాగితం మీద గీసిన బొమ్మలో రేకు ఉండదు కదా! ఆఫీసరైనా, ఇంజనీరైనా ఈ రెండూ కలిసినవాడి మాటే చెల్లుతుంది. మన తాతల చేతుల్లో పని ఉంది, ఆ పని గురించి నిర్ణయం మాత్రం వేరేవాళ్ల చేతుల్లో ఉంది. ఆ నిర్ణయం కూడా మన చేతికి రావాలన్నదే మా మాట.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన వాదన కూడా కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942లో వైస్రాయి ప్రభుత్వానికి ఇచ్చిన వినతిపత్రంలో మన పిల్లలకు ఉన్నతమైన సైన్సు, సాంకేతిక విద్య కావాలని, దానికి స్కాలర్‌షిప్పులు ఇవ్వాలని అడిగారు. ఆర్ట్స్, లా చదువులు మాత్రమే సరిపోవని ఆయన అభిప్రాయం. ఆయన స్వయంగా లాయరై ఉండీ ఆ మాట అన్నారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్నప్పుడు దేశపు విద్యుత్ విధానం కూడా ఆయన చేతుల మీదుగా నడిచింది. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది 1944లో. మేము ట్రాన్స్‌ఫార్మరు కొన్నది ఆ స్కాలర్‌షిప్ డబ్బుతోనే. ఏప్రిల్ 14న మన హాస్టల్లో ఉపన్యాసాలు చాలా జరుగుతాయి. ఆయన విద్యుత్ శాఖ చూశాడన్న ముక్క మాత్రం మేము చదివిన రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

వార్డెన్ సార్ల భయం గురించి కూడా రాయాలి. "పిల్లోడికి షాక్ కొడితే నా ఉద్యోగం ఏంగావాల?" అని ఒక సార్ మాతో నేరుగానే అన్నారు. ఆయన భయంలో న్యాయం ఉంది. మా పెట్టెనే తీసుకోండి. 230 వోల్టుల తీగలు లోపల టేపు కూడా లేకుండా వేలాడేవి, ఫ్యూజు లేదు, ఎర్త్ లేదు, పైగా చెక్కపెట్టె. మాకేమీ కాలేదంటే అది అదృష్టం, తెలివి కాదు. అందుకే బల్ల ఊరికే వేస్తే చాలదు. ఆ గదికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మరు మొదటి పక్క తీగలు మూతలో ఉండాలి, ఫ్యూజు ఉండాలి, మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి. ఒంటరిగా ఎవరూ పని చేయకూడదు. గది లేకపోతే భద్రంగా ఉంటారనుకోవడం కూడా భ్రమే. హాస్టళ్లలో సెల్ ఛార్జింగ్ కోసం అగ్గిపుల్లలు గుచ్చి తీగలు లాగడం ఎవరికి తెలియదు? పిల్లలు కరెంటును ఎలాగూ ముట్టుకుంటారు, తెలిసి ముట్టుకోవడం మేలు.

"ఇప్పుడు ప్లస్ మైనస్ రెండూ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లు రెడీమేడ్‌గా దొరుకుతాయి కదన్నా, ఈ పాతకాలం ట్రాన్స్‌ఫార్మరు ఎందుకు?" అని ఒక తమ్ముడు అడిగాడు. వాడుకోవడానికైతే అదే కొనుక్కో. నేర్చుకోవడానికి వద్దు. ఎస్‌ఎంపీఎస్ మూత తీస్తే లోపల కెపాసిటరు మీద 325 వోల్టుల డీసీ కూర్చుని ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఉండొచ్చు. ట్రాన్స్‌ఫార్మరు రెండో పక్కయితే, మొదటి పక్కను సరిగ్గా మూసిపెట్టాక, వేలు తగిలినా భయం లేదు. ఒక్కో భాగం కంటికి కనిపిస్తుంది, ఒక్కోటి విడిగా కొలవొచ్చు. తప్పు చేసినా పోయేది ఒక ఐసీ. మైనస్ పక్క కెపాసిటరును తిరగేసి పెడితే మాత్రం పేలుతుంది, ముఖం దూరంగా పెట్టుకోవాలి. ఆ పక్క కెపాసిటరు ప్లస్ కాలు గ్రౌండుకు పోవాలి, చాలామంది తడబడేది అక్కడే. సిరీస్ బోర్డుకు ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, పాత ఫిలమెంటు బల్బే కావాలి. దొరికినప్పుడు నాలుగు కొనిపెట్టుకోండి.

పోయిన సంవత్సరం ఒక రాత్రి ఫోన్ వచ్చింది. డిప్లొమా చదివే తమ్ముడు. ప్రాజెక్టుకు 12-0-12తో ఇలాంటిదే చేశాడు.

"అన్నా, ప్లస్ పన్నెండు కరెక్టుగా వస్తాండాది. మైనస్ ఎనిమిదే వస్తాండాది. 7912 పోయిందేమో, మార్చేదా?"

"మార్చొద్దు. నల్ల పిన్ను యాడ పెట్టినావు?"

"నడిమి తీగ మీదన్నా."

"కెపాసిటర్ల మీద కొలువు."

కాసేపటికి చెప్పాడు: "ఒగ దాని మీద ఇరవై రెండు, ఇంగో దాని మీద పది."

"రెండూ కూడు."

"ముప్పై రెండు."

"ఎంత ఉండాల?"

"పదహారు, పదహారు... ముప్పై రెండే." అవతల కాసేపు మాటలేదు. "మొత్తం కరెక్టే అన్నా. నడుమ జరిగింది."

"నడుమ ఎందుకు జరుగుతాది?"

ట్రాన్స్‌ఫార్మరు నడిమి తీగ దగ్గర సోల్డర్ పైకి మెరుస్తూ ఉంది, లోపల అతుక్కోలేదు. మళ్లీ వేడి చేసి పెడితే రెండు పక్కలా పదహారు వచ్చింది. ఆ అబ్బాయి దగ్గర మీటరు ఉంది కాబట్టి ఫోన్లో అరగంటలో పని అయింది. మీటరు లేని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ చేస్తే మేము ఏం చెప్పగలం? చెల్లెళ్ల మాట కావాలనే రాస్తున్నాం. అమ్మాయిల హాస్టల్లో కూడా ఇలాంటి బల్ల ఒకటి వేయాలి. "ఆడపిల్లలకెందుకు" అనేవాళ్లకు, మన ఇళ్లలో పాడైన మిక్సీలను మూట కట్టి రిపేరు షాపుకు మోసుకుపోతున్నది ఎవరో గుర్తుచేస్తున్నాం.

కావలసిన సామాను పెద్దదేమీ కాదు. డిజిటల్ మీటర్లు నాలుగు, ఒకటి కాలినా మూడు ఉండేలా. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండు, సీసం, ఫ్లక్స్, కటింగ్ ప్లయరు, సిరీస్ బోర్డు ఒకటి. డయోడ్లు, కెపాసిటర్లు, రెగ్యులేటర్లు డబ్బాలో పోసి, తాళం లేకుండా. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒక లాంగ్ నోట్‌బుక్. ఏది పాడైంది, ముందు ఏమనుకున్నాం, చివరికి ఏం తేలింది, ప్రతి ఒక్కరూ అందులో రాయాలి. "ముందు ఏమనుకున్నాం" అన్న గడి తప్పనిసరి. మా పేజీలో అక్కడ "షాపువాడు మోసం చేశాడు" అని ఉంటుంది. ఐసీలు కాలితే ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయకూడదు. ఈ ఒక్క నియమం లేకపోతే మిగతాదంతా దండగ, బల్ల దగ్గరికి ఎవడూ రాడు. కాలిన ఐసీల ఖర్చు ఏటా పూర్వ విద్యార్థుల నిధిలోంచి పెట్టాలని మా ప్రతిపాదన. ఆ ఖర్చు ఆర్చికి పట్టే సిమెంటు ఖర్చంత కూడా కాదు.

ఆర్చి వద్దని మేము అనడంలేదు. వచ్చే ఏడాది కట్టుకుందాం.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాల తరువాత, హాలు మూలన పాత పెట్టెతో మేము కూర్చుని ఉంటాం. ఇప్పుడు దానికి ఫ్యూజు, మూత, మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నాయి. మీటరు, సిరీస్ బోర్డు పక్కనే ఉంటాయి. ఇంటి దగ్గర బయలుదేరే ముందు లోపల ఒక చోట మేమే ఒక తప్పు చేసి తెస్తాం. ప్లస్ వస్తుంది, మైనస్ రాదు. ఎక్కడో మేము చెప్పం.